కళింగపట్నానికి ‘మూడో నంబరు’ అని వేసినప్పుడు దాని అర్థం కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన ప్రతిసారీ మీ పత్రికలో కళింగపట్నం పేరు పడుతుంది. ‘కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, గంగవరం, కాకినాడ పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ చేశారు’ అని ఒకే వాక్యం. ఆ తరవాత వార్తంతా వాన, వరి, కరెంటు స్తంభాల గురించి. మళ్లీ ఆ పేరు కనబడేది కార్తీక వనభోజనాలప్పుడు, ఆదివారం పేజీలో, లైట్‌హౌస్ ఫొటో పక్కన, ‘ప్రశాంత తీరం’ అన్న శీర్షిక కింద. తుపాను వాక్యానికీ సెలవు ఫొటోకీ మధ్య అక్కడ ఒక ఊరు ఉంది, వేట ఉంది, ఎండుచేపల పని ఉంది. వాటికి మీ వాక్యం ఎంతవరకు పనికొస్తోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా ఒక దిద్దుబాటు. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక కాదు. వాతావరణ శాఖ పోర్టు సూచికలు మొత్తం 11. ఒకటి, రెండు దూరపు సూచికలు: నడి సముద్రంలో వాయుగుండమో తుపానో ఉంది, రేవు మీదికి ఇంకా రాలేదు, రేవు విడిచి వెళ్లే ఓడలు దాని దారిలో పడొచ్చు అని వాటి అర్థం. మూడు, నాలుగు స్థానిక సూచికలు. మూడంటే రేవులోనే ఈదురుగాలులు కొట్టవచ్చు, జాగ్రత్త. నాలుగంటే రేవుకు తుపాను ముప్పు ఉంది, కానీ భారీ ఏర్పాట్లు మొదలుపెట్టేంత తీవ్రత ఇంకా కనబడలేదు. ‘ప్రమాదం’ అనే మాట మొదలయ్యేది ఐదు నుంచి. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. పదకొండు అన్నిటికంటే పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు. కాదు. హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడుతోందని రేవు అధికారే అంచనాకు వచ్చాడు అని దాని అర్థం.

ఒకటికీ మూడుకీ ఏడుకీ ‘ప్రమాద హెచ్చరిక’ అని ఒకే శీర్షిక పెడుతూ పోతే ఏమవుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు. ఒకటో నంబరు నాడు వేట మానేసి కూర్చున్నవాడు, ఏమీ జరగలేదని చూసి, తరవాతిసారి ఐదో నంబరును కూడా అదే లెక్కలో వేస్తాడు.

ఐదు, ఆరు, ఏడు నంబర్లలో అసలు కీలకం తీవ్రత కాదు, పక్క. మూడింటిలో తీవ్రత ఒక్కటే. ఐదు అంటే తుపాను ఈ రేవును తన ఎడమ చేతి వైపు ఉంచి తీరం దాటుతుంది. ఆరు అంటే కుడి చేతి వైపు. ఏడు అంటే రేవు మీదుగానో, పక్క నుంచో. మహా ప్రమాద సూచికలైన ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరసలో నడుస్తాయి. ఎడమ, కుడి అన్నవి సముద్రం వైపు చూస్తున్న మనిషివి కావు, తుపానువి. అది తూర్పు నుంచి పడమరకు వస్తుంది కాబట్టి, సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు తిరిగి నిలబడితే అది చూసే వైపే మనమూ చూస్తాం. అప్పుడు కుడి చేయి ఉత్తరం, సోంపేట, ఇచ్ఛాపురం వైపు. ఎడమ చేయి దక్షిణం, భీమిలి, విశాఖ వైపు. ఐదో నంబరు పడిందంటే తుపాను కళింగపట్నానికి ఉత్తరాన దాటుతోందన్నమాట. ఆరు పడిందంటే దక్షిణాన.

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అందువల్ల కేంద్రానికి ఉత్తరాన ఉన్న తీరానికి గాలి సముద్రం మీంచి కొడుతుంది, నీటిని ఒడ్డు మీదికి తోస్తుంది. దక్షిణాన ఉన్న తీరానికి గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఆరో నంబరు నాడు ముప్పు ఒడ్డున ఉన్న తెప్పలకు, వలలకు, ఇళ్లకు. ఐదో నంబరు నాడు ముప్పు ఇంకా సముద్రంలో ఉన్నవాళ్లకు. ఇంజను ఆగిన బోటు ఒడ్డుకు కొట్టుకు రాదు, లోపలికి పోతుంది. పైగా నేల గాలికి దరి కెరటాల తలలు వెనక్కి చెదిరిపోయి, ఒడ్డున నిలబడి చూసేవాడికి సముద్రం అంత చెడ్డగా అనిపించదు. అక్కడే మోసం.

ఈ పదేళ్ల పైచిలుకులో రెండు రకాలూ చూశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, కళింగపట్నం దాని కుడి చేతికి వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి సుమారు 20 కిలోమీటర్లు ఉత్తరాన దాటింది. ఆ రెండింటికీ ఈ ఊరు ఎడమ చేతి వైపు. తిత్లీలో మరో సంగతి కలిసింది. ఎడమ పక్కన పడ్డ ఊరికి సముద్రం కొంత దయ చూపినా, అదే తుపాను ఒడిశా కొండల్లో కురిపించిన వాన వంశధారలోకి దిగింది. ముందు గాలి, ఆ వెనక వరద. నంబరు కిందికి దించేశాక వచ్చే ఈ రెండో దెబ్బ ఏ పోర్టు సూచికలోనూ ఉండదు.

అసలు ఓడ రాని ఊరికి ఓడల సూచిక ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1864లో కలకత్తాను తుపాను ముంచేశాక, మరుసటి ఏడు ఆ రేవులో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. రేవు స్తంభం మీద పగలైతే నల్లటి శంకువులు, పీపాల్లాంటి ఆకారాలు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు వేలాడదీయడం ఆ రోజుల పద్ధతి. ‘ఎగరేశారు’ అన్న మాట ఇప్పటికీ వార్తల్లో మిగిలింది అందుకే. అప్పటికి కళింగపట్నం నిజంగా రేవు. కాకపోతే గోడలున్న రేవు కాదు. ఓడ నడి నీటిలో లంగరు వేసేది, సరకును ఒడ్డుకూ ఓడకూ మధ్య పడవలు మోసేవి. ఆ పడవలకు మేకు ఉండదు, లోపల వాసం ఉండదు. పలకలను కొబ్బరి తాడుతో ఒకదానికొకటి కుట్టి, సందుల్లో గడ్డీ పీచూ కుక్కేవారు. మేకులు కొట్టిన పడవ దరి కెరటంలో నేలకు తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ వంగి, కీచుమని, ఒడ్డెక్కుతుంది. మసూలా పడవ అన్నది దాన్నే.

వెనక్కి వెళితే కథ ఇంకా పొడుగు. వంశధార ఎగువన ముఖలింగం తూర్పు గాంగుల కాలపు కళింగనగరమని ఎక్కువమంది పండితుల మాట. నది సముద్రంలో కలిసే మొగకు ఐదారు కిలోమీటర్ల దూరంలో, నది దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. వాటిని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు, వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. కొండ, నది, మొగ మూడింటినీ ఒకేసారి చూస్తే రేవు ఇక్కడే ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. నది సరకు తెస్తుంది, సముద్రం తీసుకుపోతుంది. ఊళ్లోని దర్గా, పాత కట్టడాల ఆనవాళ్లు, లైట్‌హౌస్ అన్నీ ఆ రాకపోకల అవశేషాలే. 1890ల్లో తూర్పు తీరం రైలుమార్గం వచ్చి సరకును తీరానికి దూరంగా లాగేసుకుంది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. లోతైన నీరు, గోడలు, రైలు మూడూ ఒకచోట దొరికాక, నడి నీటిలో ఊగుతూ బస్తాలు దింపుకునే ఓడ ఎవరికి కావాలి? 1936 దాకా శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1950లో సొంత జిల్లా అయ్యేసరికి ఇక్కడి రేవు ప్రాభవం గతం. వాతావరణ పరిశీలన కేంద్రం మాత్రం నిలిచింది. దానితో పాటు బులెటిన్‌లో పేరు నిలిచింది.

విజయనగరం జిల్లా వాళ్ల పరిస్థితి ఇంకా విచిత్రం. చింతపల్లి, కోనాడ, ముక్కాం వైపు ఉన్న 28 కిలోమీటర్ల తీరానికి మీరు వేసే జాబితాలో పేరే లేదు. అటు కళింగపట్నం, ఇటు భీమునిపట్నం. తుపాను ఈ రెండింటి మధ్య దాటితే ఒక రేవుకు ఆరు, ఇంకోదానికి ఐదు పడవచ్చు. కోనాడలో ఉన్నవాడు ఏది తనదనుకోవాలి? కోనాడ దగ్గరున్న చంపావతి మొగ తుపాను కేంద్రానికి ఏ పక్కన పడుతుందో ఆ ఒక్క మాటా రాస్తే చాలు.

సూచికలు ఓడల కోసం పుట్టాయని గుర్తుపెట్టుకుంటే మరో తేడా బోధపడుతుంది. తుపాను వస్తోందంటే పెద్ద ఓడ రేవు వదిలి లోతు నీటికి పోతుంది, గోడకు కొట్టుకోకుండా. తెప్ప లోతు నీరు వదిలి ఒడ్డుకు రావాలి. ఓడకు రేవు ప్రమాదం, తెప్పకు దారే ప్రమాదం. ఆ దారి అంటే ఒడ్డు ముందున్న ఆఖరి రెండు వందల గజాలు. కళింగపట్నంలోనే కాదు, బందరువానిపేట నుంచి బారువ దాకా బోల్తాపడే తెప్పల్లో ఎక్కువ అక్కడే పడతాయి, నడి సముద్రంలో కాదు. మీ వార్త మొత్తం నడి సముద్రం గురించి.

కెరటం ఎక్కడ విరుగుతుందో లెక్క సులువు. తన ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లు లోతున్న చోటికి వచ్చేసరికి విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటం ఒకటింపావు మీటరు లోతులో, రెండు మీటర్లది రెండున్నర మీటర్ల లోతులో. ఒడ్డుకు సమాంతరంగా నీటి కింద ఒక ఇసుక గట్టు ఉంటుంది. చిన్న కెరటాలు ఆ గట్టును దాటి ఒడ్డు దగ్గర ఒక్కసారే విరుగుతాయి. పెద్దవి ముందు గట్టు మీద విరిగి, మళ్లీ లేచి, ఒడ్డున రెండోసారి విరుగుతాయి. రెండు వరసల తెల్లని నురుగు కనబడిందంటే రెండు గండాలున్నాయని. బులెటిన్‌లో ‘అలల ఎత్తు రెండు మీటర్లు’ అని ఉంటే అన్నీ రెండు మీటర్లు అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. మధ్యలో ఒకటీ అరా దానికి రెట్టింపుకు దగ్గరగా కూడా లేస్తాయి.

ఎత్తు కన్నా ముఖ్యమైనది ఒక అలకూ మరో అలకూ మధ్య వ్యవధి. సముద్ర సమాచారం ఇచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ దీన్ని రోజూ ఇస్తుంది. పత్రికలు మాత్రం వదిలేస్తాయి. స్థానిక గాలికి లేచే అలల మధ్య ఆరేడు సెకన్లుంటాయి. దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఎక్కడో రేగిన గాలివానకు పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చే దూరపు అలల మధ్య పద్నాలుగు, పదహారు సెకన్లుంటాయి. నడి నీటిలో ఎత్తు మీటరే అయినా అవి ఒడ్డు దగ్గరికొచ్చి బాగా లేస్తాయి. ఆకాశం నిర్మలం, గాలి లేదు, పోర్టుకు ఏ నంబరూ లేదు, కెరటం మాత్రం తెప్పలు కట్టిన చోటికి వచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలు. అప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు, మోటారు బోట్లకు వేట నిషేధం కాబట్టి ఇంజను లేని తెప్పలే దిగుతాయి. నిషేధం కదా, వార్త ఎవరికి అనుకోవద్దు.

తెప్పను సముద్రంలోకి దింపడం చూసేవాళ్లకు ఒక తోపు, ఒక కేక. చేసేవాళ్లకు వరసగా ఐదారు నిర్ణయాలు. ముక్కు కెరటానికి నేరుగా ఉండాలి. పక్కకు ఒక జానెడు తిరిగినా తరవాతి కెరటం దాన్ని అడ్డంగా తిప్పేస్తుంది, అడ్డం తిరిగితే బోల్తా. నాలుగైదు పెద్ద కెరటాలు వరసగా వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి, ఆ సందు కోసం నడుముల్లోతు నీటిలో తెప్పను పట్టుకుని ఆగాలి. ఇంజను పంకాను పైకెత్తే ఉంచాలి. తొందరపడి మోకాళ్ల లోతులో దింపితే ఇసుకకు తగిలి ఆగిపోతుంది, సరిగ్గా కెరటం లేచే చోట. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. కెరటం ముందు పరిగెత్తకూడదు. దాని వీపు మీద, వెనకనే, అది విరిగేదాకా ఓపిక పట్టి రావాలి. ముందుకెళితే వెనక భాగం లేచి ముక్కు నేలలో గుచ్చుకుంటుంది. చేప బరువు వెనక వేసుకుని రావడం అందుకే. వల గుట్టను తాడుతో కట్టకపోతే ఒక్క ఊపుకు పక్కకు జారి, ఆ బరువే తెప్పను తిప్పుతుంది.

పాత దుంగల తెప్పకు ఈ బాధలు కొంత తక్కువ. నీరు నిలవడానికి దానికి కడుపే లేదు. దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో కట్టినవి కాబట్టి తిరగబడినా మునగదు, పట్టుకుని వేలాడొచ్చు. అయితే దుంగ నీరు పీల్చి బరువెక్కుతుంది. ఒడ్డెక్కాక కట్లు విప్పి ఎండబెట్టాలి. ఫైబర్ తెప్పలు వచ్చాక ఆ పని పోయింది, వేగం వచ్చింది, దూరం వెళ్లొచ్చు. ఫైబర్ తెప్ప చుక్కానీ, ఇంజనూ, వలా అన్నీ కలిపి పోతే మాత్రం ఇల్లు కుదేలవుతుంది. అప్పు ఎవరిదీ అన్నది వేరే సంగతి.

మొగలోకి దూరి తలదాచుకోవచ్చు కదా అంటారు. కొన్ని రోజులు దూరొచ్చు. వంశధార మొగ ఏ ఏడూ ఒక్కచోట ఉండదు. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణం నుంచి వాలుగా వచ్చే కెరటాలు ఒడ్డు వెంబడి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది, కానీ ఏడాది మొత్తం లెక్క ఉత్తరం వైపే. నదిలో నీరున్నన్నాళ్లూ ఆ ఇసుకను తోసేస్తూ నోరు తెరిచి ఉంచుకుంటుంది. గొట్టా దగ్గర ఆనకట్ట కింద ఎండాకాలపు ప్రవాహం సన్నబడ్డాక తోసే బలం ఉండదు, నోటికి అడ్డంగా ఇసుక తిన్నె పడుతుంది. అప్పుడు లోపలికి రావాలంటే పోటు మీదే. అదీ పోటు ఆఖరి భాగంలో. పాటు, అంటే నీరు వెనక్కి తియ్యడం, మొదలైతే నది నీరు బయటికి, కెరటం లోపలికి, రెండూ ఢీకొని తిన్నె మీద కెరటం గోడలా నిలబడుతుంది. ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా అమావాస్య, పౌర్ణములకు కూడా సుమారు మీటరున్నరే. అంటే పొరపాటు చేసుకోవడానికి చోటు మీటరున్నర. పోటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ లెక్క ముసలివాళ్లు తిథి చూసి చెప్పేస్తారు. బయట ఊళ్లలో పెరిగి వచ్చిన కుర్రాళ్లకు ఫోన్ కావాలి, లేదా మీ పేపరు.

గోడలు కడితే సరిపోదా అంటే, ఆ ఉత్తరానికి వెళుతున్న ఇసుక గోడకు దక్షిణాన ఆగుతుంది, గోడకు ఉత్తరాన ఉన్న ఊరు కోతకు గురవుతుంది. విశాఖలో హార్బరుకు ఉత్తరాన ఉన్న బీచ్‌కు ఇసుక తవ్వి పోయాల్సి వస్తున్నది ఇందుకే. భావనపాడులో చేపల రేవు కడితే దాని నోరు ఇసుకతో పూడింది. గోడ కట్టొద్దని కాదు. ప్రతి ఏటా ఇసుక తీసి గోడ అవతలికి చేర్చే ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసి కట్టాలి. బుడగట్లపాలెంలోనో, మంచినీళ్లపేటలోనో శంకుస్థాపనల వార్త రాసేటప్పుడు ‘ఇసుక తీసే బాధ్యత ఎవరిది, ఏడాదికి ఎంత’ అని మీ విలేకరి ఒక్క ప్రశ్న అడిగితే ఈ జిల్లాకు మేలు.

రేవు లేకపోవడం వేట పరిమాణాన్ని కూడా నిర్ణయిస్తుంది. ఒడ్డున మనుషులు తోసి ఎక్కించగలిగినంత పెద్దదే ఇక్కడి బోటు. ట్రాక్టరుతో లాగే చోట ఇంకాస్త పెద్దది. పెద్ద మరబోటు మీద పని కావాలంటే ఊరు వదలాలి. 193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు, చెన్నైకి, పారాదీప్‌కు పోయి పరాయి బోట్ల మీద తండేళ్లుగా, కళాసీలుగా పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెరావల్ నుంచి వేటకు వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడి, 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చినప్పుడు మీ పత్రిక పేజీలకు పేజీలు రాసింది. అక్కడిదాకా ఎందుకు వెళ్లారన్న దానికి జవాబు ఇక్కడి దరి కెరటంలో ఉంది.

ఇక ఆదివారం ఫొటో సంగతి. ‘ఖాళీగా ఉన్న విశాలమైన ఇసుక తిన్నెలు’ అని రాస్తున్నారు. అందులో ఖాళీ ఏదీ లేదు. నీటి అంచున తడి ఇసుక తెప్పలు ఎక్కే దారి. దాని పైన పొడి ఇసుక తెప్పలు నిలిపే చోటు, వలలు పరిచి కుట్టే చోటు. ఆపైన గట్టి ఇసుక చేప ఎండబెట్టే కళ్లం. ఇంకా పైన మొగలి పొదలూ సరుగుడు తోటలూ గాలికి ఇసుక ఊళ్లోకి రాకుండా పట్టి ఉంచేవి. పెద్దవల లాగే రోజు చూస్తే ఇసుక వెడల్పు ఎందుకు కావాలో తెలుస్తుంది. వల తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో పెట్టి, పడవ అర్ధచంద్రాకారంగా వల వదులుతూ వెళ్లి, రెండో కొసతో మరో చోట ఒడ్డెక్కుతుంది. రెండు జట్లు, ఒక్కోదాంట్లో పదిహేను, ఇరవై మంది, నడుముకు తాడు ఆనించి వెనక్కి నడుస్తూ లాగుతారు. నీటి లాగుడు ఎటుంటే వల అటు కొట్టుకుపోతుంది కాబట్టి జట్లు కూడా ఒడ్డు వెంట అటే జరుగుతూ, క్రమంగా దగ్గరవుతూ, రెండు మూడు గంటలు లాగాలి. మధ్యలో ఒక సిమెంటు బెంచీ, ఒక దీపస్తంభం, ఒక ‘ఐ లవ్’ అక్షరాల బోర్డు అడ్డం ఉంటే తాడు దానికి చుట్టుకుంటుంది, ఒక జట్టు ఆగితే రెండో జట్టు వైపు వల తెరుచుకుని చేప పోతుంది. బీచ్‌కు వచ్చేవాళ్లు రావొద్దని ఎవరూ అనడం లేదు. కట్టేవి లైట్‌హౌస్ వైపు, రోడ్డు ఆనుకుని కట్టండి, తెప్పల చోటు వదిలేయండి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రి పూట ఒడ్డున గట్టి లైట్లు ఆర్పేస్తే గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లకూ మంచిది. గూట్లోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపే పోతాయి, అది సముద్రమో రోడ్డో చూసుకోవు.

చేప ఎండబెట్టే ఆడవాళ్లకు కావలసిన వాతావరణ వార్త మరొకటి. తుపాను కాదు, చిన్న తుప్పర. నెత్తళ్లను ఉప్పు లేకుండానే పరుస్తారు, మంచి ఎండా పడమటి గాలీ ఉంటే రెండు రోజుల్లో పేళ్లలా మోగుతాయి. కానాగంతల్లాంటి పెద్ద చేపను వీపు చీల్చి, పేగు తీసి, కడిగి, నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు చొప్పున తొట్టెలో పొరలు పొరలుగా వేసి, రాత్రంతా బరువు పెట్టి ఉంచి, పొద్దున్నే ఒకసారి నీళ్లలో జాడించి ఎండలో పెట్టాలి. మూడు రోజుల ఎండ కావాలి. నౌపడా ఉప్పు పక్కనే దొరుకుతుంది కాబట్టి ఉప్పుకు కరువు లేదు, కానీ ముతక కల్లుప్పును అలాగే చల్లితే మాంసంలోకి సమంగా దిగదు, నలగ్గొట్టి పట్టించాలి. ఉప్పు తగ్గితే లోపల కుళ్లు. మళ్లలో పండే ఈ ఉప్పుతో ఇంకో తంటా ఉంది: చేప పూర్తిగా ఎండక చెమ్మతో నిలవ చేస్తే వారం పది రోజులకు గులాబీ రంగు మచ్చ లేస్తుంది. అది ఉప్పులోనే బతికే సూక్ష్మజీవి పని, ఇంకా ఉప్పు వేస్తే పోయేది కాదు, ఆరబెడితేనే ఆగుతుంది. ఇసుక మీద పరిచిన చేపకు ఇసుక అంటుతుంది, సంతలో వర్తకుడు దాన్నే సాకు చేసి ధర కోస్తాడు. నడుమెత్తున కర్రలు పాతి పాత వల కట్టి దాని మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి తగిలి, ఇసుక లేకుండా, తొందరగా ఎండుతుంది. రెండో రోజు సాయంత్రం పావుగంట తుప్పర పడితే మాత్రం అంతా పాడు: పైన తడి, లోపల సగం ఎండు, ఈగ వాలి గుడ్డు పెట్టడానికి సరిగ్గా సరిపోయే స్థితి. మొదటి రోజు చేప తడిస్తే మళ్లీ ఉప్పులో వేసి కాపాడుకోవచ్చు. రెండో రోజుది కోళ్ల దాణాకే. ‘జిల్లాలో ఒకటి రెండు చోట్ల జల్లులు’ అన్న మాట ఈ పనికి చాలదు. మధ్యాహ్నం తరవాతా, రాత్రా అన్నది రాస్తే మధ్యాహ్నానికే ఎత్తి కుప్ప వేసి పట్టా కప్పుతారు.

కాబట్టి మేం అడుగుతున్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో రోజూ ఐదు లైన్ల పెట్టె. పోర్టు నంబరు ఉంటే, పక్కనే దాని మాట: దూరపుది, స్థానికం, ప్రమాదం, నంబరు ఐదు గానీ ఆపైన గానీ అయితే తుపాను కళింగపట్నానికి ఉత్తరాన దాటుతుందా, దక్షిణాన దాటుతుందా, కోనాడ ఏ పక్కన పడుతుంది. అలల ఎత్తు, వాటి మధ్య సెకన్లు. తెల్లవారుజామున గాలి నేల నుంచా, సముద్రం నుంచా. పోటు వేళలు. మధ్యాహ్నం తరవాత జల్లు సూచన. ఒడిశా కొండల్లో భారీ వాన పడిన రోజున ఆరో లైను: వంశధార, నాగావళి వరద మొగకు ఎప్పుడు చేరవచ్చు. ఇవన్నీ వాతావరణ శాఖా, ఇన్‌కాయిస్సూ, జలవనరుల శాఖా బయటికి ఇస్తున్నవే. ఒకచోట చేర్చి తెలుగులో వేయడమే పని.

ఒక్క విషయం మరవొద్దు. మీ పేపరు మా ఒడ్డుకు చేరేసరికి ఆరు దాటుతుంది. తెప్పలు నేల గాలి పట్టుకుని మూడింటికే దిగిపోతాయి. అందుకని ఆ పెట్టెలో ‘ఈరోజు’ అని కాకుండా, మర్నాటి తెల్లవారుజాము నుంచి మొదలయ్యే వేళలు వేయండి.

— తీర గ్రామాల పాఠకులు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా